అడవి అంచున మన పంటల చుట్టాలు

భద్రాచలం దగ్గర గోదావరి దాటి జాతీయ రహదారి 30 మీద ఉత్తరంగా వెళ్తే చింతూరు, ఆ పైన ఛత్తీస్‌గఢ్‌లో కొంటా, సుక్మా వస్తాయి. అక్కణ్నుంచి ఇంకా లోపలికి పోతే దంతెవాడ, బైలదిల్లా కొండలు. ఇనుప ఖనిజానికి పేరుపడ్డ ఆ కొండల మీద, పక్కనే ఒడిశా కొండల్లో, మన తూర్పు కనుమల్లో కొన్ని చోట్ల ఒక పొద పెరుగుతుంది. ఖమ్మం జిల్లా రైతును ఎవరిని తీసుకెళ్లి చూపించినా "ఇది కంది చెట్టే కదా, ఇక్కడెవరు వేశారు?" అంటాడు. అదే మూడాకుల రెమ్మ, అదే పసుపు పువ్వు. కాయ పట్టి చూస్తే మాత్రం తేడా తెలుస్తుంది. ఎండగానే చిట్లి గింజలు రాల్చేస్తుంది. గింజ చిన్నది, ముదురు రంగుది. గింజ బొడ్డు దగ్గర చిన్న కండలాంటి బుడిపె ఉంటుంది. మన కందిగింజకు ఆ బుడిపె ఉండదు.

వృక్షశాస్త్రంలో దీని పేరు కజానస్ కజానిఫోలియస్. మనం రోజూ తినే కందిపప్పుకు మూలపుటమ్మ ఇదేనని శాస్త్రజ్ఞులు చాలామంది ఒప్పుకున్నారు. తవ్వకాల సాక్ష్యం కూడా అటే చూపిస్తోంది. ఒడిశాలో గోపాల్‌పూర్, గోల్‌బాయి ససాన్ అనే పాత జనావాసాల్లో మూడు వేల ఏళ్ల నాటి కందిగింజలు దొరికాయి. అంటే ప్రపంచంలో కంది తినేవాళ్లందరికీ, ఆఫ్రికాలోని మలావీ నుంచి కరీబియన్ దీవుల దాకా, ఆ పంట పుట్టిల్లు భద్రాచలం నుంచి బస్సులో వెళ్లి రాగలిగినంత దూరంలోనే ఉంది. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యంగానైనా లేకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే అనిపిస్తుంది.

కందికి చుట్టాలు ఇదొక్కటే కాదు. ఒకప్పుడు సాగు కందిని ఒక ప్రజాతిగా, అడవి కందుల్ని అటిలోసియా అనే వేరే ప్రజాతిగా లెక్కపెట్టేవారు. వేరుచేయడానికి ముఖ్యమైన ఆధారం గింజ మీది ఆ బుడిపే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో పనిచేసిన డచ్ వృక్షశాస్త్రవేత్త వాన్ డెర్ మేసెన్ 1980లలో రెండింటినీ కూలంకషంగా పరిశీలించి, ఇంత చిన్న తేడాకు రెండిళ్లు అక్కర్లేదని ఒకే ప్రజాతిలో కలిపేశాడు. ఆయన లెక్క ప్రకారం కజానస్‌లో 32 జాతులు. వాటిలో మనిషి సాగు చేస్తున్నది ఒక్కటే.

మిగిలినవాటిలో ఒకటి కొత్తగూడెం, పాల్వంచ, బూర్గంపాడు వైపు చెలక గట్ల మీద, గడ్డిబీళ్లలో, బాటల పక్క వానాకాలంలో కనిపించే రకమే. నేల మీద పాకుతూ, దొరికిన గడ్డిపోచనల్లా పట్టుకుని ఎక్కే సన్నని తీగ. తెలియనివాళ్లు ఉలవ తీగ అనుకుంటారు. చిన్న పసుపు పువ్వులు, వేలి కణుపంత పొట్టి కాయలు, కాయ నిండా నూగు. పుస్తకాల్లో దీన్ని కజానస్ స్కారబాయిడిస్ అంటారు. పశువులు మేస్తాయి. మనుషులకు దీనితో పనేమీ లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

కానీ ఆ నూగులోనే విశేషం ఉంది. కంది రైతును ముంచేది శనగపచ్చ పురుగు. తల్లి రెక్కల పురుగు పూత మీద, కాయ మీద గుడ్లు పెడుతుంది. పొదిగి వచ్చిన పిల్ల పురుగు కాయకు బొక్క వేసి లోపలికి దూరుతుంది. ఒకసారి లోపలికి పోయాక ఏ మందు కొట్టినా పెద్ద ప్రయోజనం ఉండదు. సాగు కంది కాయ మీద కూడా నూగు ఉంటుంది. అయితే అందులో కొన్ని రకాల వెంట్రుకలు జిగురు ఊర్చి పురుగును ఆకర్షిస్తాయేగాని ఆపవు. ఈ అడవి తీగ కాయ మీది నూగు వేరు. జిగురు లేని వెంట్రుకలు ఒత్తుగా, దగ్గర దగ్గరగా లేచి ఉంటాయి. పుట్టిన రోజు పురుగుకు ఆ పొదలోంచి కాయ చర్మం దాకా దిగడమే కుదరదు. ఆకలితో పోతుంది, లేదా జారి కింద పడుతుంది. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఈ వెంట్రుకల్ని రకాలుగా విడదీసి, ఏది ఏం చేస్తుందో సూక్ష్మదర్శిని కింద చూసి రాశారు. మన గట్టు మీది కలుపు తీగ, విషం లేకుండా పురుగును ఆపే ఉపాయాన్ని మనిషి వ్యవసాయం మొదలుపెట్టకముందే కనిపెట్టుకుంది.

మరి సాగు కంది ఆ ఉపాయాన్ని ఎందుకు పోగొట్టుకుంది? మనమే పోగొట్టాం. అడవి మొక్కను పొలంలోకి తెచ్చిన తొలి రైతులు కాయ చిట్లనిదాన్ని, గింజ పెద్దదాన్ని, తొందరగా ఉడికేదాన్ని, నోటికి రుచైనదాన్ని ఏరి మళ్లీ విత్తారు. తరతరాలుగా ఇదే ఏరివేత. ఏరిన ప్రతిసారీ కొన్ని మొక్కలు లోపలికి వచ్చాయి, వేలాది మొక్కలు బయట ఉండిపోయాయి. బయట ఉండిపోయినవాటిలో కరువుకు ఓర్చేవి, పురుగును ఆపేవి, తెగులును తట్టుకునేవి కూడా ఉన్నాయి. ఆ రోజు వాటి విలువ తెలియలేదు, తెలిసే అవకాశమూ లేదు. రకరకాల మొక్కలు కలిసి పెరిగే పోడులో పురుగు బెడద వేరు, వందల ఎకరాల్లో ఒకే రకం కంది పరిచిన చేనులో వేరు.

పోగొట్టుకున్నదాన్ని తిరిగి తెచ్చుకోవడం అన్నిసార్లూ ఒకలా కుదరదు. 1971లో హార్లన్, డి వెట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పంటల చుట్టరికాన్ని మూడు వలయాలుగా విడగొట్టారు. దాన్ని మన లెక్కలో చెప్పాలంటే, మొదటి వలయం మేనరికం కుదిరే ఇళ్లు. సంకరం చేస్తే గింజ కడుతుంది, పిల్ల మొక్కా బాగుంటుంది. కజానిఫోలియస్, స్కారబాయిడిస్ రెండో వలయంలోవి. కొంచెం కష్టపడితే కుదురుతుంది. మూడో వలయంలోవి పేరుకే చుట్టాలు. కజానస్ ప్లాటికార్పస్ అలాంటిది. దానితో సంకరం చేస్తే పిండం కాయలోనే చచ్చిపోతుంది. ఇక్రిశాట్‌లో ఆ పిండాన్ని చావకముందే బయటికి తీసి, గాజుపాత్రలో పోషకాలు ఇచ్చి పెంచి మొక్క చేశారు. ఒక్కో మొక్క వెనుక ఏళ్ల తరబడి ఓపిక ఉంటుంది.

రెండో వలయం చుట్టాలు కందికి చేసిన మేలు ఇంకా ఆసక్తికరం. కంది పువ్వు సాధారణంగా తన పుప్పొడితో తానే గింజ కట్టుకుంటుంది. తేనెటీగల వల్ల కొంత పరాయి పుప్పొడి కూడా చేరుతుంది. హైబ్రిడ్ విత్తనం వ్యాపారస్థాయిలో తీయాలంటే ఆడ వరుసలోని మొక్కలకు సొంత పుప్పొడి ఉండకూడదు. లక్షల పూల కేసరాలను చేత్తో తుంచడం జరిగే పని కాదు. అడవి కందిని తల్లిగా, సాగు కందిని తండ్రిగా పెట్టి సంకరం చేసి, పుట్టిన మొక్కను మళ్లీ మళ్లీ సాగు కందితోనే కలుపుతూ పోతే, చివరికి కేంద్రకం పూర్తిగా సాగు కందిది, దాని చుట్టూ ఉన్న కణద్రవ్యం మాత్రం అడవి తల్లిది అయిన మొక్క తయారవుతుంది. కణద్రవ్యంలోని మైటోకాండ్రియాకు, పరాయి కేంద్రకానికి పొసగదు. ఆ పొసగనితనం వల్ల పుప్పొడి తయారుకాదు. మిగతా మొక్క మామూలే. దానికి తగిన తండ్రి రకాన్ని పక్క వరుసలో వేస్తే తేనెటీగలు పని పూర్తిచేస్తాయి.

స్కారబాయిడిస్ కణద్రవ్యంతో గుజరాత్‌లో జీటీహెచ్ 1 అనే హైబ్రిడ్ వచ్చింది. కజానిఫోలియస్ కణద్రవ్యంతో కె.బి. సక్సేనా బృందం ఇక్రిశాట్‌లో రూపొందించిన ఐసీపీహెచ్ 2671 అనే రకం 2010లో మధ్యప్రదేశ్‌లో విడుదలైంది. రైతుల పొలాల్లో జరిగిన పరీక్షల్లో అది అప్పటికే సాగులో ఉన్న మారుతి రకం కంటే 47 శాతం ఎక్కువ దిగుబడి ఇచ్చింది. అదే వరుసలో ఐసీపీహెచ్ 2740ను 2015లో తెలంగాణలో విడుదల చేసి మన్నెం కొండ కంది అని పేరు పెట్టారు. పెట్టినవారు ఏం ఆలోచించారోగాని ఇంతకన్నా సరైన పేరు దొరకదు. హైబ్రిడ్ విత్తనం తీయడానికి చుట్టుపక్కల ఇంకో కంది లేని పొలం కావాలి, తేనెటీగలు కావాలి, శ్రద్ధ కావాలి. అందువల్ల ఈ రకాలు కందిసాగు ముఖచిత్రాన్ని మార్చేశాయని చెప్పలేం. అయినా ఎదుగూబొదుగూ లేకుండా దశాబ్దాలు గడిపిన ఒక పంటలో కదలిక తెచ్చింది కొండమీది మొక్క అన్నది నిజం.

వరిలో ఈ కథ ఇంకా పాతది. 1970ల మొదట్లో ఆసియా వరిపొలాల్లో సుడిదోమ మోసుకొచ్చే ఒక వైరస్ తెగులు మొక్కల్ని గడ్డిలా గిడసబార్చి వెన్ను రాకుండా చేసింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన దగ్గరున్న ఆరు వేలకు పైగా నమూనాలను ఆ వైరస్‌కు గురిచేసి చూసింది. తట్టుకున్నది ఒకే ఒక్కటి. అది ఉత్తరప్రదేశ్‌లో గోండా దగ్గర సేకరించిన నివ్వరి. నివ్వరి అంటే మన చెరువు అంచుల్లో, గుంటల్లో, వరిమడి పక్క కాలువల్లో పొడుగాటి మీసాలతో దానంతటదే మొలిచే అడవి వరి. గింజ పండీ పండకముందే రాలిపోతుంది. వ్రతాల్లో, మునుల కథల్లో తప్ప మనం దాన్ని తలచుకోం. రైతు కంటికి కలుపు. ఆ నమూనాలో కూడా అన్ని మొక్కలూ తట్టుకోలేదు, కొన్నే తట్టుకున్నాయి. ఆ కొన్ని మొక్కల జన్యువును అక్కడి శాస్త్రవేత్త గురుదేవ్ ఖుష్ బృందం సాగు వరిలోకి తెచ్చింది. దానితో 1976లో వచ్చిన ఐఆర్ 36 కొన్నేళ్లలోనే కోటి హెక్టార్లకు పైగా విస్తరించింది.

ఇందులో జనం గమనించని విషయం ఒకటి ఉంది. నివ్వరి అన్నిచోట్లా ఉంది. భారతదేశం నిండా ఉంది. కానీ కావలసిన జన్యువు ఒక్క చోటి నివ్వరిలోనే దొరికింది. కాబట్టి ఈ జాతి అంతరించిపోలేదు కదా అని ధైర్యంగా ఉండటానికి లేదు. కిన్నెరసాని పక్క గుంటలోని నివ్వరి, పాలేరు కింది కాలువలోని నివ్వరి, శబరి ఒడ్డు నివ్వరి ఒకే పేరున్న వేర్వేరు గుంపులు. ఒక్కోటి తన చోటి వానలకు, ముంపుకు, తెగుళ్లకు ఓర్చుకుంటూ వచ్చింది. ఒక గుంట పూడిస్తే జాతి పోదు, ఒక గుంపు పోతుంది. పోయినదాన్ని లెక్కపెట్టేవారు ఎవరూ ఉండరు.

సాగర్ ఎడమ కాలువ కింద ఖమ్మం రైతులు వేసే సాంబ మసూరికి కూడా ఇలాంటి బాకీ ఉంది. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన ఆ బీపీటీ 5204 అన్నం మనకెంత ఇష్టమో, బ్యాక్టీరియా ఎండాకు తెగులుకూ అంత ఇష్టం. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), వరి పరిశోధన సంచాలకాలయం కలిసి మూడు నిరోధక జన్యువులను సాంబ మసూరిలోకి చేర్చి, గింజ తీరు మారకుండా 2008లో మెరుగుపరచిన సాంబ మసూరిని తెచ్చాయి. ఆ మూడింట్లో ఎక్స్ఏ 21 అనేది ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చింది. మాలిలో ఎవరో ఆ చిత్తడిని దున్నేసి ఉంటే మన పళ్లెంలో ఆ మేలు ఉండేది కాదు. అలాగే మన గుంటలోది ఎవరికి అక్కరకొస్తుందో మనకూ తెలియదు.

ఈ చుట్టాలు ఎక్కడ నివసిస్తాయన్నదే ఈ అధ్యాయానికి అసలు ప్రశ్న. అడవిలో ఉంటాయనుకుంటాం. అడవిని కాపాడితే ఇవీ బతుకుతాయనుకుంటాం. నేను చూసినంతలో అది సగమే నిజం. టేకు, వెదురు దట్టంగా కమ్ముకున్న నడి అడవిలో నేల మీద వెలుతురు పడదు. కంది చుట్టాలకు, పెసర చుట్టాలకు, అడవి నువ్వుకు, అడవి బెండకు వెలుతురు కావాలి. నేల కాస్త కదిలి ఉండాలి. అవి అడవికీ పొలానికీ నడుమ ఉండే సందులో బతుకుతాయి. వదిలేసిన పోడు, చెలక గట్టు, ఒర్రె అంచు, బండిబాట, కుంట కట్ట, పశువులు తిరిగే బీడు. అభయారణ్యం హద్దు రాయి సాధారణంగా వీటికి అవతలే ఉంటుంది. కిన్నెరసాని వన్యప్రాణి అభయారణ్యం 635 చదరపు కిలోమీటర్లు. అందులో పులి, అడవిదున్న, మొసలికి రక్షణ ఉంది. హద్దు బయట గట్టు మీది తీగకు ఏ చట్టమూ లేదు.

ఆ సందు ఇప్పుడు అన్నివైపుల నుంచీ మూసుకుపోతోంది. ఒకవైపు జామాయిల్, సుబాబుల్ తోటలు. మరోవైపు అశ్వారావుపేట, దమ్మపేటల్లో పామాయిల్. గట్టు దాకా పత్తి. మణుగూరు, ఇల్లందు వైపు ఓపెన్‌కాస్ట్ గనులు. రోడ్డు వెడల్పు చేస్తే మొదట పోయేది పక్కనున్న ఆ పదడుగుల కంపే. అన్నిటికన్నా చప్పుడు లేకుండా పనిచేసేది గడ్డిమందు. కూలీలు దొరక్క రైతు గట్టుకు కూడా మందు కొడుతున్నాడు. అతన్ని తప్పుపట్టను, కూలి ఖర్చు భరించలేనివాడికి వేరే దారి ఏముంది? కానీ కొడవలితో గట్టు చెక్కినప్పుడు వేరు మిగిలేది, మళ్లీ వానకు చిగురించేది. మందు కొట్టిన గట్టు మీద రెండు మూడేళ్లకు మిగిలేది మందుకు లొంగని ఒకటి రెండు రకాల గడ్డి మాత్రమే.

పోలవరం మరో సంగతి. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో విలీనమైన కూనవరం, వీఆర్‌పురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు ప్రాంతాల పల్లపు నేలలు, గోదావరి, శబరి ఒడ్డు మాగాణులు, వాగు మలుపుల్లోని చిత్తడి 150 అడుగుల నీటిమట్టానికి వెళ్లే జలాశయం పరిధిలో ఉన్నాయి. మనుషులకు పునరావాసం పేరుతో ఒక ప్యాకేజీ ఉంది, అది అందిందా లేదా అన్నది వేరే చర్చ. మొక్కలకు అసలు జాబితానే లేదు. ముంపుకు ముందే ఆ ఒడ్డున ఏ పంటకు ఏ చుట్టం ఉందో తిరిగి విత్తనం తీసుకోవడం అన్నిటికంటే తక్కువ ఖర్చు పని.

పోడు గురించి ఒక మాట చెప్పకపోతే లెక్క తేలదు. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1945లో పాపికొండల కొండరెడ్ల మీద పుస్తకం ప్రచురించినప్పటికి, నాగలి లేకుండా గుల్లకోలతో నేల గుచ్చి గింజలు నాటే పోడు ఆ కొండల్లో సాగుతోంది. రెండు మూడు పంటలు తీసి ఏళ్ల తరబడి వదిలేసేవారు. వదిలేసిన ఆ పోడే కంది చుట్టాలకూ, అడవి దుంపలకూ పెరటి తోట. ఇప్పుడు నేల తక్కువ, మనుషులు ఎక్కువ. 2023లో తెలంగాణ ప్రభుత్వం నాలుగు లక్షల పైచిలుకు ఎకరాలకు పోడు పట్టాలిచ్చింది, వాటిలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వాటా పెద్దది. పట్టా రావడం న్యాయమే, చాలా ఆలస్యంగా జరిగిన న్యాయం. అయితే పట్టా ఉన్న భూమిని ఎవరూ బీడుగా వదలరు. బీడు లేని పోడులో పత్తి, మొక్కజొన్న వరుసగా పడుతుంటే ఈ చుట్టాలకు మధ్యలో మొలిచే చోటు ఉండదు. అటవీశాఖ కందకాలు తవ్వి ఆ గట్టున మొక్కలు నాటుతోంది. ఉద్దేశం మంచిదే కావచ్చు. ఆ చోట అప్పటికే ఉన్నవి మొక్కలు కావా అని మాత్రం ఎవరూ అడగరు.

ఇంత గందరగోళంలోనూ కొన్ని బాగానే నిలబడ్డాయి. వానాకాలంలో కొత్తగూడెం, భద్రాచలం సంతల్లో కిలో ధర వింటే గుండె గుభేలుమనిపించే ఆగాకరనే తీసుకోండి. బోడకాకర అన్నా అదే. కాకరకు అడవి చుట్టం. మగతీగ వేరు, ఆడతీగ వేరు. నేలలో దుంప ఉండటం వల్ల వేసవిలో ఎండిపోయినా తొలకరికి మళ్లీ లేస్తుంది. కోయ ఆడవాళ్లు పొదలన్నీ గాలించి లేతకాయ కోసుకొచ్చి అమ్ముతారు. లేతకాయే కోస్తే విత్తనం పడదు కదా అన్న ప్రశ్న ఉంది. దుంప తవ్వనంతకాలం తీగ బతికే ఉంటుంది. దుంపకు కూడా ధర వచ్చాక ఏమవుతుందో చూడాలి. తోటల్లో వేసేవారు పది ఆడతీగలకు ఒకటి చొప్పున మగతీగ ఉంచుతారు. అడవిలో ఆ లెక్క ఎవరు చూస్తారు?

పిల్లిపెసర ఇంకా అదృష్టవంతురాలు. పెసర, మినుములకు చుట్టం. అడవి రకమే అయినా పచ్చిరొట్టగా, పశువుల మేతగా డెల్టాలో వరికోతల తర్వాత చల్లుతారు కాబట్టి విత్తనాల దుకాణంలో కిలోల లెక్కన దొరుకుతుంది. అడవి పసుపు జాతుల్లో ఒకటి పాలగుండ ఇస్తుంది. జావ కాచి చంటిపిల్లలకు, జబ్బు మనుషులకు పోస్తారు. దానికీ సంతలో పేరుంది. పేరూ పనీ ఉన్న మొక్కను మనుషులు గుర్తుపెట్టుకుంటారు. గట్టు మీది కంది తీగకు ఆ రెండూ లేవు.

దుంపల విషయంలో తెలివి కూడా మొక్కతోపాటు పోతోంది. పెండలానికి చుట్టాలైన అడవి దుంపలు ఈ కొండల్లో చాలా రకాలు. కొన్ని కాల్చుకుని తినొచ్చు. ఒకటి మాత్రం విషం. పలచగా తరిగి బుట్టలో పెట్టి పారే వాగు నీళ్లలో రాత్రంతా ఉంచి, మళ్లీ మళ్లీ కడిగి, ఉడికించి తింటారు. ఆ పద్ధతి తెలిసిన ముసలమ్మ ఉన్నంతకాలం అది తిండి. ఆమె మనవరాలికి రేషన్ బియ్యం ఉంది, ఉండాల్సిందే. కానీ ఏ దుంప ఏ నెలలో ఏ వాలులో ఊరుతుందో, తవ్వాక తీగ మొదలు తిరిగి పాతిపెట్టాలో లేదో చెప్పగలిగేది ఆ ముసలమ్మే. కోయగూడేల్లో విత్తే ముందు భూమి పండుగ, కొత్త తిండి తినే ముందు కొత్తల పండుగ చేస్తారు. కొత్త చేసేదాకా ఆ కాయను ముట్టరు. భక్తి సంగతి ఎలా ఉన్నా, కాయ ముదరడానికి, కొంత గింజ నేలకు చేరడానికి అది గడువు ఇస్తుంది.

విత్తన బ్యాంకు ఉంది కదా, అందులో దాస్తే సరిపోదా అని చదువుకున్నవాళ్లు అడుగుతారు. దాచాలి. దాచుతున్నారు కూడా. ఇక్రిశాట్ జన్యునిధిలో 13 వేలకు పైగా కంది నమూనాలున్నాయి. రాజేంద్రనగర్‌లో జాతీయ వృక్ష జన్యువనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. అడవి విత్తనం సేకరించడం సాగు విత్తనమంత తేలిక కాదు. కాయ చిట్లకముందే సంచి కట్టాలి. ఒకే తీగవి కాకుండా వీలైనన్ని తీగల గింజలు కలపాలి. తేమ ఆరబెట్టి, సున్నా కింద 18 నుంచి 20 డిగ్రీల చలిలో పెడతారు. కొన్నేళ్లకోసారి మొలకెత్తించి చూడాలి. పప్పుజాతి అడవిగింజల పెంకు ఎంత గట్టిదంటే, గీరితే తప్ప నీళ్లు పీల్చవు. అన్నిటికన్నా చిక్కు వేరే ఉంది. ఇక్రిశాట్ నిధిలోని ఆ 13 వేల పైచిలుకు నమూనాల్లో అడవి చుట్టాలవి ఐదు వందల పైచిలుకే. 31 జాతులకు, వాటి లెక్కలేనన్ని గుంపులకు కలిపి అవే. పైగా చలిగదిలో పెట్టిన గింజ 2015లో ఎలా ఉందో 2065లోనూ అలాగే ఉంటుంది. బయట మాత్రం పురుగు మారుతుంది, ఎండ మారుతుంది, వైరస్ మారుతుంది. గట్టు మీదున్న తీగ వాటితోపాటు మారుతూ ఉంటుంది. నిధికి బయటి మొక్క కావాలి, బయటి మొక్కకు నిధి తోడు కావాలి. దుంపలైతే చలిగదిలో నిలవవు, తోటలోనో గాజుగొట్టంలోనో పెంచుతూనే ఉండాలి.

చోటు మీదనే కాపాడిన ఉదాహరణలు లేకపోలేదు. మేఘాలయలోని గారో కొండల్లో నోక్రెక్ దగ్గర 1980లలో నారింజ చుట్టాల కోసం ప్రత్యేకంగా జన్యు అభయారణ్యం పెట్టారు. మెక్సికోలో మొక్కజొన్నకు బహువార్షిక చుట్టం ఒకటి 1970ల చివర్లో బయటపడింది. దాని కోసం ఆ కొండ మొత్తాన్ని, అక్కడ సాగు చేసుకునే రైతులతో సహా, 1987లో జీవావరణ రక్షిత ప్రాంతం చేశారు. రైతుల్ని బయటికి పంపలేదు. వాళ్లు దున్నడం, పశువుల్ని తిప్పడం ఆగిపోతే ఆ మొక్కకు వెలుతురు పోతుంది కాబట్టి. ఇంకా దగ్గరగా చూడాలంటే శబరి ఎగువకు వెళ్లండి. ఒడిశాలో దాన్ని కొలాబ్ అంటారు. ఆ నది పుట్టే కోరాపుట్ కొండల్లో 1950ల చివర్లో కటక్ వరి పరిశోధన సంస్థ 1,700కు పైగా వరి రకాలు సేకరించింది. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కోరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని ప్రపంచ వారసత్వ వ్యవసాయంగా గుర్తించింది. అదే నది దిగువన, కూనవరం దగ్గర గోదావరిలో కలిసేచోట, అలాంటి గుర్తింపు ఏదీ లేదు.

ఇక్కడ కంచె వేసిన కొత్త అభయారణ్యం అడగడం నాకు ఇష్టం లేదు. కంచె వేస్తే ముందు కోయవాళ్లను బయటికి పంపుతారు, ఆ తర్వాత చెట్లు కమ్ముకుని వెలుతురు పోయి మనం కాపాడదామనుకున్న తీగే చస్తుంది. కావలసింది చిన్న చిన్న పట్టీలు. ఊరికొక కుంట అంచు, ఒక బీడు, గుడిగట్టు. అక్కడ గడ్డిమందు కొట్టకూడదు, జామాయిల్ నాటకూడదు. మేపొచ్చు, కోయొచ్చు, ఏడాదికోసారి చెక్కొచ్చు. గింజ ముదిరే కార్తీకం, మార్గశిరం మాత్రం వదిలేయాలి. దీనికి కోట్లు అక్కర్లేదు. పట్టా ఉన్న రైతు గట్టు వదిలితే ఎకరానికి ఇంత అని ఇవ్వడం, హరితహారం మొక్కల లెక్కలో చూపిన ఖర్చు ముందు ఒక లెక్కే కాదు.

2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి గ్రామపంచాయతీకి ఒక జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి. అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. చాలాచోట్ల ఆ రిజిస్టర్‌లో వేప, మర్రి, తులసి, తిప్పతీగ వరకే కనిపిస్తాయి. మీరు ఏజెన్సీ మండలంలో ఉపాధ్యాయులో, ఆశా కార్యకర్తో, వ్యవసాయ విస్తరణాధికారో అయితే మీ పంచాయతీ కార్యాలయంలో ఆ రిజిస్టర్ ఎక్కడుందో అడగండి. గట్టు మీది నూగు కాయల కంది తీగ, కుంటలోని మీసాల వరి, పొదలోని ఆగాకర, వాగులో నానబెట్టి తినే దుంప, వాటి సంగతి తెలిసిన ముసలివాళ్లు చెప్పే పేర్లతో, అవి ఉన్న చోటు గుర్తుతో, అందులో రాయించండి.